తొమ్మిదో రోజు గుడ్డు

ఆ రోజుల్లో సీసా మీద "పరీక్షించబడినది" అన్న మాట కనిపిస్తే చాలు, కళ్లకద్దుకుని కొనేసే మనుషుల్లో నేనూ ఒకదాన్ని. ఎక్కడో చల్లటి పెద్ద గది ఒకటి ఉంటుందనీ, అందులో జుట్టు నెరిసిన శాస్త్రవేత్తలు పదిమంది ఆ సీసా చుట్టూ కూర్చుని నెలల తరబడి మల్లగుల్లాలు పడి, చివరికి "సరే, జనం వాడుకోవచ్చు" అని తల ఊపితే గానీ అది మన స్నానాలగది దాకా రాదనీ నా నమ్మకం. తీరా ఎమ్మెస్సీ పూర్తిచేసి ఆ గది వెతుక్కుంటూ వెళ్తే, అది అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారిలో ఒక సందులో, రెండో అంతస్తులో ఉంది. ఏసీ పనిచేయదు. జుట్టు నెరిసిన శాస్త్రవేత్తల స్థానంలో ఉన్నది నేనే. నా వయసు ఇరవై మూడు. ఒంటి మీది తెల్లకోటు నాకంటే ముందు మానేసి వెళ్లినతనిది. జేబు మీద అతని పేరు ఇంకా అలాగే కుట్టి ఉండేది.

ఆ బిల్డింగు గురించి కొంచెం చెప్పాలి. కింద జిరాక్సు, స్పైరల్ బైండింగు షాపు. మొదటి అంతస్తులో కంప్యూటరు కోచింగు సెంటరు (అమీర్‌పేటలో చదువు అయిపోయిన వాళ్లు, ఉద్యోగం వచ్చేదాకా మళ్లీ చదువుతుంటారు). రెండో అంతస్తులో మా ల్యాబు. మూడో అంతస్తులో ఇంటి ఓనరు గారు. మా ల్యాబుకు యజమానీ, డైరెక్టరూ, సంతకాల అధికారీ అన్నీ ఒక్కరే. స్కోరు కాగితం మీద సున్నా కనిపిస్తే ఆయన ముఖం వెలిగేది, ఒకటో రెండో కనిపిస్తే తలనొప్పి వచ్చేది. కాబట్టి మేమంతా చాటున ఆయన్ను సున్నా సార్ అనేవాళ్లం. "మేమంతా" అంటే నేనూ, పెట్టన్నా. పెట్టన్న బల్కంపేట మనిషి, అంతకు ముందు కోళ్లఫారంలో పదేళ్లు చేసొచ్చాడు. గుడ్లు పొదిగే మిషను పక్కనే స్టూలు వేసుకుని పెట్టలాగా కాపలా కాసేవాడు గనక ఆ పేరు. ఆ పేరు అతనికి తెలుసు, కోపం లేదు. నన్ను సార్ ముందర మేడం అనీ, సార్ లేనప్పుడు చెల్లె అనీ పిలిచేవాడు.

షాంపూ పరీక్షకు గుడ్లెందుకని మీరు అడుగుతారు. మా అమ్మా అడిగింది. కళ్లలో పడే అవకాశమున్న వస్తువు ఏదైనా సరే, ఒకప్పుడు కుందేలు కంట్లో వేసి చూసేవారట. కుందేలు అరవదు, కేసు వేయదు. తరవాత మనుషులకు దయ కలిగింది, దయ వెనకాలే చట్టమూ వచ్చింది. దాంతో కొందరు శాస్త్రవేత్తలు కుందేలును వదిలేసి కోడిగుడ్డును పట్టుకున్నారు. మామూలు గుడ్డు కాదు, తొమ్మిది రోజులు పొదిగిన గుడ్డు. దాని పెంకును పైభాగాన జాగ్రత్తగా కోసి తీస్తే, లోపల పల్చటి పొర మీద ఎర్రటి దారాల్లాగా రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. మన కంటిపొర ఎంత సున్నితమో అదీ అంతే. దాని మీద షాంపూ నీళ్లు మూడు చుక్కలు వేసి, స్టాప్‌వాచ్ నొక్కి, ఐదు నిమిషాలు రెప్ప వేయకుండా చూడాలి. రక్తం చిమ్మిందా, నాళాలు కరిగి మాయమయ్యాయా, పొర తెల్లగా గడ్డకట్టిందా, ఎన్నో సెకనులో? ఎంత త్వరగా జరిగితే అంత ఎక్కువ మార్కు. ఈ పరీక్షలో ఎక్కువ మార్కులొస్తే ఫెయిలు. ఐదు నిమిషాలూ ఏమీ జరగకపోతే సున్నా, అంటే పసిబిడ్డ కంట్లో పడినా ఫరవాలేదన్నమాట.

ఇంకో ముఖ్యమైన నియమం ఉంది. షాంపూ గుడ్ల పక్కనే రెండు వరసల గుడ్లు పెట్టాలి. ఒక వరసలో ఉప్పు నీళ్లు వేస్తాం, అవి ఎవరినీ ఏమీ అనవు. రెండో వరసలో గాటు సబ్బు ద్రావణం వేస్తాం, అది తప్పకుండా రక్తం కళ్లజూడాలి. పెట్టన్న వీటికి సాధువు నీళ్లు, రాక్షసి నీళ్లు అని పేర్లు పెట్టాడు. (పుస్తకంలో ఉన్న పేర్లకంటే అవే నయం.) సాధువు కలవరపడినా, రాక్షసి ఊరుకున్నా ఆ రోజు పరీక్ష చెల్లదు. మొత్తం కాగితం చింపి, కొత్త గుడ్లతో మళ్లీ మొదలుపెట్టాలి. ఎమ్మెస్సీలో ఈ ప్రశ్నకు పదికి పది తెచ్చుకున్నాను. అదే నా గర్వం.

మా అమ్మ గర్వం ఇంకో రకం. అమ్మకు మా ఇంటి సందు మొదట్లో టైలరింగు షాపు. మా చర్చి సంఘంలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పే ఆనవాయితీ ఉంది. దేవుడు ఆ వారం ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్లు లేచి నిలబడి చెబుతారు, ప్రతి వాక్యానికీ మిగతావాళ్లు "స్తోత్రం" అంటారు. నాకు ఉద్యోగం వచ్చిన వారం అమ్మ లేచింది. "నా కూతుర్ని దేవుడు సైంటిస్టును చేశాడు." స్తోత్రం. "పసిబిడ్డల కళ్లను కాపాడే పని ఇచ్చాడు." స్తోత్రం. నేను బెంచీ కిందికి దూరిపోదామనుకున్నాను. చిన్నప్పుడు ఇదే అమ్మ ప్రతి శనివారం నన్ను రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, కుంకుడు రసం ధారగా పోసేది. కళ్లు భగ్గుమని నేను కేకలు పెడితే నోట్లో నాలుగు ఉప్పురాళ్లు వేసి, "చప్పరించు, తగ్గిపోతుంది" అనేది. కంటికీ నోటికీ ఏమిటి సంబంధమని అడిగినా జవాబు లేదు. పసిబిడ్డల కళ్ల గురించి సంఘానికి సాక్ష్యం చెప్పిన మహాతల్లి ఈవిడే.

ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఒక పిల్లల షాంపూ వచ్చింది. కంపెనీ పేరు వద్దులెండి. సనత్‌నగర్ వైపు చిన్న షెడ్డులో మొదలై, బంజారా హిల్స్ షాపుల్లో అద్దాల వెనక నిలబడాలని ఆశపడుతున్న కంపెనీ. బుధవారానికల్లా రిపోర్టు కావాలన్నారు. పెట్టన్న అప్పటికే మూడు డజన్ల గుడ్లు మిషన్లో పెట్టి ఉన్నాడు, సోమవారానికి సరిగ్గా తొమ్మిదో రోజు. నా మూడు నెలల ట్రయల్ కూడా ఆ వారంతోనే ముగుస్తుంది. రిపోర్టు వెళ్తే నా చేతికి పర్మనెంటు లెటరు వస్తుంది. అంతా చక్కగా కుదిరింది. అలా కుదిరినప్పుడే భయపడాలని ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు తెలియదు.

ఇక్కడ ఓనరు గారిని ప్రవేశపెట్టాలి. గోదావరి జిల్లా నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లు ఆడిటరుగా చేసి రిటైరైన మనిషి. పరమ శాకాహారి. అద్దె అగ్రిమెంటులో ఆరో క్లాజు: ఈ ఇంట్లోకి మాంసం, చేప, గుడ్డు తేరాదు. సున్నా సార్ సంతకం పెట్టేటప్పుడు ఆరో క్లాజును చూసి చిరునవ్వు నవ్వి, అప్పట్నుంచీ గుడ్లను "గాజు సామాను" అని రాసిన అట్టపెట్టెల్లో తెప్పిస్తున్నారు. ఓనరు గారు మెట్ల మీద ఎదురైతే "జాగ్రత్త నాయనా, గాజు" అని దారి ఇచ్చేవారట. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నీళ్ల మోటారు సంగతి మాట్లాడదామని తలుపు తోసుకుని లోపలికొచ్చారు. లోపల కర్టెన్లన్నీ వేసి చీకటి చేసి ఉంది. నేను తెల్లకోటులో, ఒక చేతిలో గుడ్డు, దాని వెనక టార్చిలైటు పట్టుకుని, లోపల వెలిగే ఎర్ర నాళాలను చూసి నంబర్లు గొణుక్కుంటూ, పెంకు మీద ఎర్ర పెన్సిలుతో గీతలు పెడుతున్నాను. (పిండం బతికుందో లేదో అలాగే చూస్తారు. మా వైపు మూడు దారుల కూడలిలో ఎర్ర గీతల గుడ్డు కనిపిస్తే జనం ఎంత దూరం జరిగి నడుస్తారో మీకు తెలిసే ఉంటుంది.)

"అమ్మాయ్," అన్నారాయన గుమ్మం దగ్గరే ఆగిపోయి, "మంత్రాలేమైనా చదువుతున్నావా?"

"లేదండీ, ఇది సైన్సండీ."

"హమ్మయ్య," అని గుండె మీద చెయ్యి వేసుకున్నారు. అంతలోనే గుమ్మంలోంచి మెడ సాచి చూశారు. "ఆ చేతిలోది ఏంటి?"

"గుడ్డండీ."

ఆయన ముఖం చూసి, చేతబడి అని ఉంటే బాగుండేదని నాకప్పుడే అనిపించింది. ఆయనా అదే మాటన్నారు. "చేతబడి గురించి అగ్రిమెంటులో మనమేమీ రాసుకోలేదమ్మా. గుడ్డు ఆరో క్లాజు."

సున్నా సార్ గదిలోంచి పరుగున వచ్చారు. అది గుడ్డు కాదండీ, టెస్ట్ సిస్టం అన్నారు. పొదిగితే పిల్లవుతుందా అవదా, అని ఓనరు గారు. అవుతుందండీ, కానీ మేం తొమ్మిదో రోజునే తీసేస్తామండీ, అని సార్. అంటే చంపుతున్నారా, అని ఈయన. చట్టప్రకారం అది ఇంకా జంతువు కాదండీ, నొప్పి తెలిసే దశ రాలేదండీ, అని ఆయన. "పుట్టకపోతే గుడ్డు, పుడితే కోడి. రెండూ నా మెట్లెక్కడానికి వీల్లేదు," అని ఓనరు గారు తీర్పు చెప్పి పైకి వెళ్లిపోయారు. పెట్టన్న మిషను తలుపు మూస్తూ నాతో నెమ్మదిగా అన్నాడు: "గుడ్డు వెజ్జా, నాన్‌వెజ్జా అని ఇద్దరు పెద్దమనుషులు గంట కొట్లాడిండ్రు చెల్లె. గా లోపలున్నదాన్ని అడిగినోడు లేడు." మా ల్యాబులో నేను విన్న ఒకే ఒక్క శాస్త్రీయమైన మాట అది.

సోమవారం దాకా గడువు ఇవ్వమని సార్ బతిమాలారు. ఓనరు గారు సరేనన్నారు. కానీ శనివారం సాయంత్రం మేం తాళం వేసి వెళ్లాక, ఆదివారం పైన వ్రతం ఉందని గుర్తొచ్చి, కింద గుడ్లు వెచ్చగా ఉండగా పైన వ్రతం ఎలా చేస్తామని ఆలోచించి, రెండో అంతస్తు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. సోమవారం పొద్దున పెట్టి కూడా వెళ్లారు. నిజాయితీపరుడు. నేను వెళ్లేసరికి పెట్టన్న మిషను తలుపు తీసి, అరచెయ్యి గుడ్ల మీద పెట్టి నిలబడి ఉన్నాడు.

"సల్లవడ్డయ్ చెల్లె," అన్నాడు. "ఒక్కటి సుత లేదు."

నేను టార్చి పెట్టి ముప్ఫై ఆరూ చూశాను. నాళాలు విరిగిపోయి మసకమసగ్గా ఉన్నాయి. పెట్టన్న చెయ్యి తీయలేదు. నాకు గుడ్లమీద జాలేసిందని చెబితే అబద్ధం. నాకు భయమేసింది. తొమ్మిది రోజుల గుడ్డు కావాలంటే తొమ్మిది రోజులు పడుతుంది. ఇందులో ఎవరి పలుకుబడీ పనిచేయదు. మా దగ్గర ఉన్నవి రెండు రోజులు.

సున్నా సార్ వచ్చి చూసి, "గుడ్డు గుడ్డే కదమ్మా," అన్నారు.

పెట్టన్న టిఫిను క్యారియరు నాలుగు గిన్నెల్లోనూ, హెల్మెట్లోనూ సర్దుకుని రెండు డజన్ల గుడ్లు పైకి తెచ్చాడు. (గేటు దగ్గర ఓనరు గారు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని అట్టపెట్టెలు తెరిపించి చూస్తున్నారు. హెల్మెట్టు ఆయనకు తట్టలేదు.) అవి కిరాణా కొట్టు గుడ్లు. ఆమ్లెట్టుకు పనికొస్తాయి. పుంజు ముఖం చూడని కోడి పెట్టిన గుడ్లు, నూరు రోజులు పొదిగినా పిల్ల రాదు, నాళం రాదు. అయినా నేను తెల్లకోటు తొడుక్కుని, చేతులకు గ్లవుజులు వేసుకుని, పద్ధతి ప్రకారం పెంకులు కోసి, షాంపూ చుక్కలు వేసి, స్టాప్‌వాచ్ నొక్కి, ఐదు నిమిషాల చొప్పున తెల్లసొన వంక రెప్ప వేయకుండా చూశాను. రక్తం చిమ్మలేదు. ఎలా చిమ్ముతుంది? నాళాలు మాయం కాలేదు. ఉంటే గదా మాయం కావడానికి. షాంపూకు సున్నా. సాధువుకు సున్నా. ఇక రాక్షసి వంతు వచ్చింది. వేశాను. రాక్షసికీ సున్నా. మా లెక్క ప్రకారం బాత్రూం గచ్చు రుద్దే సబ్బు నీళ్లు కూడా పసిబిడ్డల కళ్లకు పరమ క్షేమమని ఆ మధ్యాహ్నం అమీర్‌పేటలో రుజువైంది. పెట్టన్న సాధువు వరస గుడ్లు చూపించి, "ఇవి తీస్కపోదునా చెల్లె, ఉప్పు సుత ఏసే పని లేదు," అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వేశాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

"సార్, రాక్షసి పని చేయలేదు. పరీక్ష చెల్లదు," అని కాగితం పట్టుకుని వెళ్లాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకూ కోపం వచ్చి ఏదైనా మంచి పని చేసేదాన్నేమో. మెత్తగా, నాన్నలాగా మాట్లాడారు. "కూర్చోమ్మా. షాంపూ వేస్తే నువ్వు రక్తం చూశావా?"

"లేదు సార్."

"నాళాలు పోవడం చూశావా? గడ్డకట్టడం?"

"లేదు సార్."

"చూడనిది చూడలేదని రాయడంలో అబద్ధం ఏముంది? ఇక నీ రాక్షసి కంట్రోలు వరస అంటావా, పోయిన నెల బాగా వచ్చింది కదా. అదే ద్రావణం, అదే సీసా. ఆ అంకెలు ఇక్కడ వేసెయ్. నీ లెటరు కూడా టైపు చేయించాను, సాయంత్రం తీసుకెళ్లు."

నేను బల్ల దగ్గర కూర్చుని పోయిన నెల కాగితం పక్కన పెట్టుకుని రాక్షసి వరస దించాను. పదో తరగతి లెక్కల పరీక్షలో కూడా పక్కవాళ్ల పేపరు చూడని పిల్లను, ఎమ్మెస్సీ చదివి ఆ విద్య నేర్చుకున్నాను. అచ్చం అలాగే ఉంటే అనుమానం వస్తుందని రెండు చోట్ల సెకన్లు మార్చాను కూడా (తెలివితేటలకు లోటు లేదు). "పరీక్ష చేసినవారు" అన్న చోట సంతకం పెట్టాను. ఆ వారం అమ్మ మళ్లీ సాక్ష్యం చెప్పింది, నాకు పర్మనెంటు అయిందని. ఈసారి నేను బెంచీ మీదే కూర్చుని మిగతావాళ్లతోపాటు స్తోత్రం అన్నాను.

మూడు వారాల తరవాత ఆ కంపెనీ ల్యాబుకు కృతజ్ఞతగా షాంపూ సీసాల డబ్బా పంపింది. తెల్ల సీసా, దాని మీద నవ్వుతున్న పాప, కింద నీలం ముద్రలో "కంటికి హాని లేదని ప్రయోగశాలలో పరీక్షించబడినది". సార్ నా చేతిలో అర డజను పెట్టారు. వాటిని ఇంటికి తెచ్చి అలమారాలో బట్టల వెనక దాచాను. దాచినదాన్ని కనిపెట్టని టైలరు ఎక్కడ ఉంటుంది? ఆదివారం పొద్దున నేను చర్చికి చేరేసరికి అమ్మ నాకంటే ముందే వెళ్లి కూర్చుని ఉంది. ఆ రోజు బిడ్డల ప్రతిష్ఠ. సంఘంలో ఆ ఏడు పుట్టిన పిల్లలను పాస్టరు గారి చేతుల్లో పెట్టి ప్రార్థన చేయిస్తారు. ముందు బెంచీలో ఐదుగురు తల్లులు, ఒళ్లో ఐదుగురు పసికందులు. అమ్మ ఒళ్లో గుడ్డ సంచి. సంచి మూతిలోంచి తెల్లటి సీసాల మెడలు.

"అయిదుగురికీ తలా ఒకటి," అంది అమ్మ నా చెవిలో. "ఆరోది పాస్టరమ్మ మనవరాలికి. నువ్వు పరీక్ష చేసిన షాంపూ అని చెప్పి ఇస్తాను. ఇవాళ మధ్యాహ్నమే తలకు పోయమంటాను."

నన్ను అడిగితే ఆ షాంపూ చెడ్డదని చెప్పలేను. మంచిదనీ చెప్పలేను. ఆ సీసాలో ఏముందో ఈ భూమ్మీద ఎవరూ చూడలేదు. చూశానని సంతకం పెట్టిన మనిషిని మాత్రం నేనే. సంచిలోంచి ఒక సీసా లాక్కుని వెనక వాకిట్లో కుళాయి దగ్గరికి పోయాను. అరచేతిలో నీళ్లతో కలిపి, వేలితో ఒక చుక్క ఎడమ కంట్లో వేసుకున్నాను. కుడి కంట్లో ఉట్టి కుళాయి నీళ్లు. (సాధువు లేకుండా పరీక్ష చేయకూడదు గదా. నాలుగు నెలల ఉద్యోగంలో నా అంతట నేను పద్ధతిగా చేసిన మొదటి ప్రయోగం ఇదే. మీరెవరూ చేయకండి, ఒక్క మనిషి కంటితో ఏదీ రుజువు కాదు.) పది లెక్కపెట్టేలోపే ఎడమ కంట్లో ఎవరో పచ్చిమిరపకాయ నలిపినట్టయింది. కుళాయి కింద తల పెట్టి కడుక్కున్నా ఆగలేదు. కుడి కన్ను మాత్రం ఏమీ ఎరగనట్టు చూస్తూ ఉంది.

నేను లోపలికి వచ్చేసరికి అమ్మ సాక్ష్యానికి లేచి నిలబడి ఉంది. సంచిలో చెయ్యి పెట్టింది. ఇంకొక్క నిమిషం ఆగితే ఆ సీసాలు ఐదు ఇళ్లకు వెళ్లిపోతాయి. ఆరాధన మధ్యలో ఎప్పుడూ నోరు విప్పని నేను, నడవ మధ్యలో నిలబడి "అందరికీ వందనాలు" అన్నాను. ఒక కంట్లోంచి ధారాపాతంగా నీళ్లు. పరిశుద్ధాత్మ కదిలించిందనుకుని వెనక వరసలో ఒకావిడ అప్పుడే కొంగు నోట్లో పెట్టుకుంది.

"అమ్మ తెచ్చిన షాంపూని పరీక్ష చేసింది నేనే."

"స్తోత్రం," అన్నారు అందరూ.

"సరిగ్గా చేయలేదు."

"స్తోత్రం." ఈసారి సగం మంది.

"తొమ్మిది రోజులు పొదిగిన గుడ్లు కావాలి. నేను కిరాణా కొట్టు గుడ్లు వాడాను."

"ఆమేన్," అన్నాడు చెవులు వినపడని తాతగారొకరు.

"పాత కాగితంలోంచి అంకెలు దించి సంతకం పెట్టాను. పిల్లలకు వాడకండి."

ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. ఒక పసిబిడ్డ మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు ఏడుపు మొదలుపెట్టింది. పాస్టరు గారు పెద్దమనిషి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "కూర్చో తల్లీ," అని, ఏం చేయాలో తోచక పాట ఎత్తుకున్నారు. అమ్మ సంచిలోంచి చెయ్యి తీసి, సంచి మూతికి ముడి వేసింది. నా వైపు చూడలేదు. ఆవిడ రెండు ఆదివారాలు నిలబడి చెప్పిన మాటలన్నిటినీ నేను నాలుగు మాటల్లో ఊడ్చేశాను.

సోమవారం సంగతి త్వరగా చెప్పేస్తాను. ల్యాబుకు వెళ్లి, మా దగ్గరున్న రిపోర్టు కాపీ మీద "ఈ పరీక్ష చెల్లదు" అని రాసి సంతకం పెట్టి, ఆ కంపెనీకీ అదే రాసి పంపాను. ఇలాంటి ఫిర్యాదులు వినే ఆఫీసుకొకటి కూడా పంపాను, "అందినది" అని జవాబు వచ్చింది, దాని తరవాత ఇంకేమీ రాలేదు. సార్ ఈసారి కోప్పడ్డారు. పర్మనెంటు ఉద్యోగం నాకు మొత్తం ఇరవై ఆరు రోజులు ఉంది. కింద గేటు దగ్గర ఓనరు గారు విషయమంతా విని, "అమ్మాయ్, ఫ్యూజు పీకింది నేను. తప్పుడు కాగితానికి నా వంతు కూడా ఉంది," అని చాలాసేపు బాధపడ్డారు, కానీ ఆరో క్లాజు మాత్రం సడలించలేదు. కంపెనీ ఇంకో ల్యాబుకు వెళ్లింది. అక్కడ కూడా సున్నాయే వచ్చిందట; ఆ సున్నా ఏ గుడ్డుదో నాకు తెలియదు. ఆరు సీసాలతో మా చర్చి గచ్చు కడిగారు. నురగ బాగా వచ్చిందనీ, ఎన్నాళ్లనుంచో పోని మరకలు పోయాయనీ పాస్టరమ్మ ఇప్పటికీ అంటారు. ఇప్పుడు నేను ఇంకోచోట ఇదే పని చేస్తున్నాను. కుర్రవాళ్లు కాగితం తెస్తే షాంపూ వరస తరవాత చూస్తాను, ముందు రాక్షసి వరస చూస్తాను.

కానీ నాకు ఆ ఉద్యోగం పోయిన రోజు కంటే, దాని ముందరి ఆదివారమే బాగా గుర్తు. ఆరాధన అయ్యాక వెనక వాకిట్లో ప్రేమ విందుకు, అంటే సంఘమంతా కలిసి చేసే భోజనానికి, ఆకులు వేస్తున్నారు. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎడమ కన్ను మందారంలాగా ఎర్రబడి, ఇంకా కారుతూనే ఉంది. అమ్మ వంటల దగ్గర్నుంచి పిడికిలి మూసుకుని వచ్చి నా ముందర నిలబడింది. తిడుతుందనుకున్నాను.

"నోరు తెరువు," అంది.

తెరిచాను. నాలుగు ఉప్పురాళ్లు నాలుక మీద వేసి, "చప్పరించు, తగ్గిపోతుంది," అంది. అని పక్కనే కూర్చుని, నా ఆకు తన వైపుకు లాక్కుని, అన్నం కలపడం మొదలుపెట్టింది. కంటికీ నోటికీ సంబంధం ఏమిటో ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి కూడా నేను తేల్చలేకపోయాను. ఆ రోజు ఎడమ కంటి మంట నిజంగానే తగ్గింది. కానీ ఈలోగా కుడి కన్ను, ఉట్టి కుళాయి నీళ్లు తప్ప ఇంకేమీ ఎరగని నా సాధువు కన్ను, అది కూడా బొటబొటా కారడం మొదలుపెట్టింది. సాధువు కలవరపడితే ఏమవుతుందో మీకు ముందే చెప్పాను. కాబట్టి ఇరవై మూడేళ్ల ఆ పిల్ల జీవితంలో మొదటిసారి తనంతట తాను పద్ధతిగా చేసిన ఆ ప్రయోగం కూడా, నియమం ప్రకారం చెల్లదు.